పాత రేడియోకు క్రొత్త తీగలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)

  

ఈ గ్రంథాలయపు పఠన మందిరములో పుస్తకముల బీరువాల నడుమ, నల్లని కొయ్యబల్లపై, ఒక రేడియో పెట్టె యున్న సంగతి సభ్యులందరు నెరిగినదే. దాని ముఖమున ఒక గాజుపలక. ఆ గాజుపై మద్రాసు, ఢిల్లీ, కొలంబో, లండను అను ఊళ్ల పేరులు. దిగువను నాలుగు నాబులు. ఒక ప్రక్క బంగారు వన్నె బట్ట. గ్రంథాలయము స్థాపింపబడిన మొదటి యేటనే ఈ గ్రామమునందలి యొక గృహస్థుని కుటుంబమువారు దీనిని బహూకరించిరి. ఆ యింటి అరుగుపై అది పాడిన దినములలో, సాయంకాలపు వార్తల వేళకు వీధిలో సగము మంది అచటనే యుండెడివారని వృద్ధులు చెప్పుదురు. గ్రంథాలయమునకు వచ్చినది మొదలు మాత్రము అది మౌనవ్రతము పట్టియే యుండెను. ఆ వ్రతము ఎట్లు విడిచినది, విడుచుటకు ముందు ఎంతటి గండము తప్పినది, అట్టి పెట్టెలు ఇండ్లలో నున్నవారు ఏమేమి తెలిసికొనవలయును అనునదియే ఈ ప్రసంగమునకు విషయము.

అట్టి పెట్టెల కాలమును గూర్చి కుర్రవారి నిమిత్తము రెండు మాటలు. మద్రాసు ఆకాశవాణి కేంద్రము 1938 జూను 16వ తేదీన ఆరంభమైనది. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన వెలసినది. హైదరాబాదునందలి దక్కను రేడియో 1950 ఏప్రిలు 1వ తేదీ నుండి ఆకాశవాణిలో చేరినది. ఆ దినములలో రేడియో గలవారు తపాలా కచేరిలో రుసుము చెల్లించి లైసెన్సు పుస్తకము దగ్గర నుంచుకొనవలసి యుండెడిది. ఫిలిప్సు, మర్ఫీ, బుష్, నేషనల్ ఎకో మున్నగు పేరులతో పెట్టెలు వచ్చెడివి. వానిలో పనిచేయునవి వాల్వులు. గాలి తీసివేసిన గాజు బుడ్డిలో ఎర్రగా కాగిన ఫిలమెంటు, దాని చుట్టు లోహపు రేకులు, ఇదియే వాల్వు. 1904లో ఫ్లెమింగు అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దీనికి నాంది పలికెను. 1947లో అమెరికాలో ట్రాన్సిస్టరు పుట్టిన పిమ్మట, రెండు మూడు దశాబ్దములలో వాల్వు పెట్టెలు మూలబడినవి. ట్రాన్సిస్టరు నాలుగు టార్చి బ్యాటరీలతో పాడును. వాల్వునకు ఇన్నూరు, ఇన్నూటయేబది వోల్టులు కావలయును. అపాయమంతయు ఈ భేదమునందే యున్నది.

అగ్గిపుల్లలతో బిగించిన తీగలు

రజతోత్సవము సమీపించినపుడు గ్రంథాలయ యువజన సంఘమువారికి ఒక కోరిక కలిగెను. ఉత్సవ దినమున ఆ రేడియోను పాడించిన ఎంత బాగుండును! కోరిక మంచిదే. ఒకనాటి మధ్యాహ్నము, పఠన మందిరమున ఎవరును లేని వేళ, సంఘ సభ్యుడైన యువకు డొకడు పెట్టెను బల్ల అంచునకు లాగెను. వెనుక వ్రేలాడు తీగకు ప్లగ్గు లేదు. ఆతడు తీగ కొనలను రెంటిని గోడ సాకెట్టులో దూర్చి, ఊడిరాకుండ అగ్గిపుల్లలతో బిగించెను. స్విచ్చి వేయుటకు చేయి చాపిన క్షణమున గ్రంథపాలకుడు లోనికి వచ్చెను. ఆయన కేక వేయలేదు. పరుగున బోయి, బోర్డుపై మెయిను స్విచ్చిని దించి, పిమ్మట యువకుని చేయి పట్టి ఇవతలకు తెచ్చెను.

తరువాత ఆ తీగను చేత బట్టి చూడగా, పైనున్న నూలు అల్లిక చెక్కుచెదరలేదు గాని, దాని లోపలి రబ్బరు తొడుగు వ్రేళ్లలో పొడియై రాలినది. రెండు రాగి తీగలును లోపల దిగంబరముగ ఒకదాని నొకటి ఆనుకొని యున్నవి. పెట్టెలోనికి పోవు చోట అదే తీగ లోహపు దిమ్మ అంచునకు ఒరసికొని యున్నది. స్విచ్చి పడియుండినచో తీగలు రెండును కలిసి మంట లేవవచ్చును. లేదా దిమ్మకు కరెంటు ప్రాకి, నాబును పట్టుకొన్న చేతి గుండా నేలకు పోవచ్చును. ఈ రెంటిలో మొదటిది పుస్తకములకు ముప్పు, రెండవది మనిషికి ముప్పు.

సంఘమువారు పెట్టె నిచ్చిన యింటికి పోయి సంగతి విన్నవించిరి. ఆ యింట ఇప్పుడు మిగిలినది గృహస్థుని వృద్ధురాలైన యిల్లాలు. ఆమె విని యిట్లనెను: “పాడితే పాడనివ్వండి నాయనా, పాడకపోతే ఊరుకోనివ్వండి. మనిషికి మాత్రం ఏమీ కాకూడదు.” ఈ మాటయే తరువాత జరిగిన పని యంతటికిని శాసనమైనది. సమీప పట్టణమున వాల్వు రేడియోలు బాగుచేయుచు వయసు గడపిన యొక మెకానిక్కు నేటికిని ఉన్నాడని తెలిసి, గ్రంథపాలకుడు స్వయముగ బోయి ఆయనను పిలుచుకొని వచ్చెను. ముగ్గురు యువకులు శిష్యులైరి. పని మూడు ఆదివారములు సాగినది.

మొదటి ఆదివారము: కరెంటు లేని పరీక్ష

మొదటి దినమున మెకానిక్కు కరెంటు పేరెత్తనీయలేదు. పెట్టె వెనుక అట్ట విప్పి, వాల్వులపై నున్న అక్షరములను చదివింపజేసెను. పాత పెట్టెలు రెండు జాతులు. వానిని గుర్తింపక చేయి పెట్టరాదు.

మొదటి జాతి ట్రాన్సుఫార్మరు గలది. ఇంటి కరెంటు ట్రాన్సుఫార్మరు మొదటి చుట్టలోనికి పోవును. రెండవ చుట్టలకును దానికిని తీగ సంబంధము లేదు; ఇనుప దిమ్మలోని అయస్కాంత శక్తియే నడుమ వాహకము. కావున లోపలి లోహపు దిమ్మకు, అనగా ఛాసిస్‌కు, ఇంటి కరెంటుతో నేరుగా పొత్తు లేదు. ఐరోపా వాల్వులయందు పేరు ‘ఇ’ అక్షరముతో మొదలైనచో ఫిలమెంటునకు 6.3 వోల్టులు, సాధారణముగ అవి యీ జాతి పెట్టెలలో నుండును.

రెండవ జాతి ఎ.సి., డి.సి. రెంటిపై నడచునది. అందు ట్రాన్సుఫార్మరు లేదు. వాల్వుల ఫిలమెంటులన్నియు దండలో పూసలవలె ఒకే వరుసలో కూర్పబడి ఇంటి కరెంటుకు తగిలింపబడును. పేరు ‘యు’ అక్షరముతో మొదలగును. యు.సి.హెచ్. 81కు 19 వోల్టులు, యు.బి.ఎఫ్. 89కు 19, యు.సి.ఎల్. 82కు 50, యు.వై. 85కు 38, మొత్తము 126. ఇంటి 230లో ఇవి పోగా మిగిలిన 104 వోల్టులను ఒక రెసిస్టెన్సు మ్రింగవలయును. వరుసలో ప్రవహించునది 0.1 ఆంపియరు గనుక అది 1040 ఓములు. అందు వేడిగా మారునది పది వాట్లకు పైగా. లెక్క చక్కగనే యున్నది గాని, ఈ పెట్టెలలో ఇంటి కరెంటు తీగలలో నొకటి సరాసరి ఛాసిస్‌కే కలుపబడి యుండును. రెండు పుల్లల ప్లగ్గు తిరుగబడినచో ఛాసిస్ అంతయు 230 వోల్టుల ఫేజు. నాబును బిగించు చిన్న మర సయితము ఫేజే. అందుకే ఆ మరల గుంటలలో కర్మాగారమువారే మైనము నింపెడివారు. మైనము రాలిన నాబు, నాబు ఊడిన ఇరుసు, అట్ట లేని వెనుక భాగము, ఇవి మూడును ప్రాణాంతకములు.

ఈ రెండవ జాతి పెట్టెకు మంచి చేయుదమని ఛాసిస్‌కు ఎర్తు తీగ కలుపుట ఘోరమైన పొరపాటు. దాని ఎర్తు, ఏరియల్ రంధ్రములు కండెన్సరుల గుండా మాత్రమే లోనికి పోవును. ఆ కండెన్సరు చెడినచో మిద్దెపైని ఏరియల్ తీగయే ఫేజగును. ఫేజు, న్యూట్రలు తారుమారు కాని ప్లగ్గు పెట్టి న్యూట్రలునే ఛాసిస్‌కు చేర్చుట, స్విచ్చి రెండు తీగలను త్రెంచునట్లు చూచుట, చెడిన కండెన్సరుల స్థానమున భద్రతకై నిర్ణయింపబడిన వై-తరగతి కండెన్సరులు వేయుట, ఇవి చేయదగిన పనులు. ఇన్ని చేసినను, పదిమంది ముట్టుకొను చోట అట్టి పెట్టెను నడుపవలసినచో, సమాన వోల్టుల ఐసొలేషను ట్రాన్సుఫార్మరు నడుమ నుంచుటయే క్షేమము.

మరి రెండు మాయలు కలవు. కొన్ని పెట్టెలలో ట్రాన్సుఫార్మరు కన్పట్టును గాని అది ఆటో ట్రాన్సుఫార్మరు. చుట్ట ఒక్కటే గనుక ఛాసిస్ ఇంటి కరెంటుతో కలిసియే యుండును. అందుచే కంటిని నమ్మక మీటరును నమ్మవలయును. ప్లగ్గు గోడ నుండి ఊడదీసి, పెట్టె స్విచ్చి వేసి, ప్లగ్గు పుల్లలకును ఛాసిస్‌కును మధ్య ఓములు కొలిచినచో గుట్టు బయటపడును. రెండవ మాయ, కొన్ని దిగుమతి పెట్టెలలో తీగయే రెసిస్టెన్సు. అది వెచ్చబడుచు అదనపు వోల్టులను మ్రింగుచుండును. పాతదని దానిని కత్తిరించి మామూలు తీగ వేసినవాడు స్విచ్చి వేసిన క్షణముననే వాల్వులను పోగొట్టుకొనును. అట్టి తీగలలో ఆస్బెస్టాసు పోగు గూడ ఉండును గనుక దానిని చీల్చరాదు.

గ్రంథాలయపు పెట్టెలో కనిపించినవి ఇ.సి.హెచ్. 81, ఇ.ఎఫ్. 89, ఇ.బి.సి. 81, ఇ.ఎల్. 84, ఇ.జడ్. 80 అను ఐదు వాల్వులు. మీటరు పెట్టి చూడగా ఛాసిస్‌కు ఇంటి తీగలతో నేరుగా పొత్తు లేదని తేలినది. మొదటి జాతియే. ముగ్గురు యువకులును ఊపిరి పీల్చుకొనిరి. మెకానిక్కు మాత్రము, “అబ్బాయిలూ, ఇది తక్కువ చెడ్డది, అంతే. మంచిదని అనలేదు,” అనెను.

పండులో దాగిన తక్షకుడు

భారతమున ఆదిపర్వములో తక్షకుడు పండులో చిన్న పురుగై దాగి పరీక్షిత్తును చేరిన కథ సభ్యు లెరుగుదురు. కావలి యంతయు కోట గుమ్మములయందుండగా విషము ఫలములో వచ్చెను. వాల్వు రేడియోలో ఆ ఫలము ఫిల్టరు కండెన్సరు. రెక్టిఫయరు వాల్వు ఎ.సి.ని ఒకే దిక్కునకు పారునట్లు చేయును. ఆ యెగుడుదిగుడు ప్రవాహమును సమము చేయుటకై ఈ కండెన్సరు విద్యుత్తును నిలువచేయును. ప్లగ్గు తీసిన పిదప గూడ ఆ నిలువ ఉండవచ్చును. “తాతగారూ, ప్లగ్గు తీసేశాం గదా, ఇంకేం భయం?” అని ఒక యువకు డడుగగా, ఆయన చెప్పిన సమాధాన మిది: వాల్వులు వెచ్చగా నుండి పనిచేయుచున్నపుడు ఆపినచో అవియే మిగిలిన నిలువను త్రాగివేయును; వాల్వు కాలిపోయినను, ఊడదీసినను త్రాగువారు లేరు; మూడు వందల వోల్టులు అట్లే కూర్చుండును.

దానిని తీయుట కొక పద్ధతి కలదు. పదివేల ఓములు, 5 వాట్లు గల రెసిస్టెన్సుకు రెండు వైపుల ఇన్సులేషను గల తీగలు, క్లిప్పులు అతికింపవలయును. ఒక క్లిప్పు ఛాసిస్‌కు, రెండవది కండెన్సరు పాజిటివు కొనకు పెట్టి పది సెకండ్లు ఉంచవలయును. యేబది మైక్రోఫారడులవి రెండున్నను అయిదారు సెకండ్లలోనే నిలువ హరించును. పిమ్మట మీటరుతో కొలిచి, సున్న అని కంటితో చూచి, అప్పుడే చేయి పెట్టవలయును. స్క్రూడ్రైవరుతో రెండు కొనలను ఒక్కసారి కలిపి ఢామ్మని మెరిపించుట వీరత్వము కాదు; దానివలన కండెన్సరు చెడును, లోహము కరగి కంట పడును.

పని చేయునపుడు ఉంగరములు, గొలుసులు, మొలత్రాడు వెండిబిళ్లలు సైతము తీసివేయవలయును. కాళ్ల క్రింద పొడి కొయ్యపీట గాని రబ్బరు చాప గాని యుండవలయును. కరెంటు ఉండగా కొలువవలసి వచ్చినచో కుడిచేయి మాత్రమే ముందుకు, ఎడమచేయి వీపు వెనుకకు. రెండు చేతుల మధ్య దారి గుండె మీదుగా పోవును గనుక ఈ నియమము. ఒంటరిగా ఎన్నడును చేయరాదు. మెయిను స్విచ్చి తెలిసిన రెండవ మనిషి దగ్గర నుండవలయును.

రెండవ ఆదివారము: తీగలు మార్చుట

రెండవ దినమున ముందుగ కాగితముపై పటము గీయించిరి. ఏ తీగ ఏ మొన నుండి ఏ మొనకు పోవుచున్నదో, రంగు ఏదో వ్రాసికొనక ఒక్క తీగను గూడ త్రెంచనీయలేదు. మూల అడంగలు లేనిదే భూమి హద్దులు మార్చరాదు గదా!

తరువాత బయటి తీగ. రెండు తీగల పాత త్రాడును తీసివేసి, మూడు తీగల క్రొత్త త్రాడు వేసిరి. నేటి త్రాళ్లలో గోధుమ రంగు ఫేజు, నీలము న్యూట్రలు, పసుపుపచ్చ చారల ఆకుపచ్చ ఎర్తు. పాత త్రాళ్లలో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రలు, ఆకుపచ్చ ఎర్తు. త్రాడు దిమ్మలోనికి పోవు రంధ్రమునకు రబ్బరు గ్రామెట్టు తొడిగి, లోపల త్రాటిని బిగింపుతో పట్టించిరి. లోపల ముడి వేసి వదలుట చాలదు. ఎర్తు తీగను ఛాసిస్‌పై రంగును గీకివేసి, పండ్ల వాషరు పెట్టి, దానికై ప్రత్యేకించిన మరకే బిగించిరి. ఇతర తీగలకంటె దానిని కొంచెము పొడవుగ వదలిరి. ఎవరైన త్రాటిని బలముగ లాగినచో ఫేజు ముందు తెగి, ఎర్తు చివర తెగవలయునని దాని భావము.

ఫేజు తీగ మొదట ఫ్యూజునకు, పిమ్మట స్విచ్చికి, ఆ తరువాతనే ట్రాన్సుఫార్మరునకు పోవలయును. న్యూట్రలు గూడ స్విచ్చి రెండవ భాగము గుండా పోయిన మేలు. ఫ్యూజు ఎంత? దీనికి లెక్క కలదు. ఐదు వాల్వుల ఫిలమెంటులు త్రాగునది 0.3, 0.2, 0.23, 0.76, 0.6, మొత్తము 2.09 ఆంపియరులు. 6.3 వోల్టులతో హెచ్చింపగా 13 వాట్లు. హెచ్చు వోల్టుల ఖర్చు 250 వోల్టులు, 70 మిల్లి ఆంపియరులనగా పదునేడున్నర వాట్లు. ట్రాన్సుఫార్మరు తనకై ఉంచుకొను వేడితో గూడి నలువది వాట్లనుకొనిన, ఇంటి తీగలో పారునది 0.2 ఆంపియరునకు లోపు. స్విచ్చి వేసిన క్షణమున పారు ఉద్ధృతికి ఓర్చునట్లు, నెమ్మదిగ తెగు జాతి అర ఆంపియరు ఫ్యూజు చాలును. ఫ్యూజు చుట్టును రాగితీగ చుట్టువాడు కావలివానికి నిద్రమాత్ర యిచ్చువానితో సమానుడు.

ఇంటి తీగకును ఛాసిస్‌కును మధ్య పాత మైనపు కాగితపు కండెన్సరు ఒకటి ఉండెను. దానిని తీసివేసి అదే కొలత గల వై-తరగతి కండెన్సరు వేసిరి. మామూలు కండెన్సరు చెడినపుడు రెండు కొనలు కలిసిపోవచ్చును. వై-తరగతిది అట్లు కాకుండునట్లు తయారగును. రెండు ఇంటి తీగల మధ్య పెట్టదగినది ఎక్స్-తరగతి.

తరువాత ఫిల్టరు కండెన్సరు. పాత అల్యూమినియము డబ్బాను పీకివేయ నక్కరలేదు. పెట్టె రూపు చెడును. దాని తీగలు మాత్రము పూర్తిగ ఊడదీసి, క్రొత్తవానిని ఛాసిస్ అడుగున అమర్చిరి. పాతదానిని ఊడదీయక క్రొత్తదానిని ప్రక్కన చేర్చుట తప్పు. కుళ్లిన పండు ప్రక్క మంచి పండు నుంచినట్లగును. కొలతలో ఆశ పనికిరాదు. ఇ.జడ్. 80 రెక్టిఫయరునకు మొదటి కండెన్సరు 50 మైక్రోఫారడులకు మించరాదు. ఎక్కువ వేసిన గుర్రుమను రొద తగ్గునని వందలు వేసినచో, కండెన్సరు నిండు ప్రతిసారి వాల్వుపై పడు దెబ్బకు అది కాలిపోవును. ఓర్చు వోల్టులు 450 ఉండవలయును. ట్రాన్సుఫార్మరు చుట్ట 250 వోల్టులదైనను, ఎ.సి. శిఖరము దానికి 1.414 రెట్లు, అనగా 353 వోల్టులు. అందుచేతనే వాల్వు స్థానమున సిలికాన్ డయోడులు పెట్టుట గూడ మంచిది కాదు. వాల్వు తాను వెచ్చబడు వరకు ఆగును. డయోడు తక్షణమే ఆ శిఖరము నంతటిని పాత భాగములపైకి తోలును.

కప్లింగు కండెన్సరును గూడ మార్చిరి. ఇది సరఫరా భాగములోనిది కాకున్నను సరఫరాకు శత్రువు. చివరి వాల్వు గ్రిడ్డుకు పోవు ఈ చిన్న కండెన్సరు కారినచో ఆ వాల్వు అతిగా కరెంటు లాగి, రెక్టిఫయరును, ట్రాన్సుఫార్మరును మాడ్చును. ట్రాన్సుఫార్మరు పోయినచో నేడు దానికి జోడు దొరకుట దుర్లభము, చుట్టించుకొనవలసినదే. రబ్బరు పొడియైన తీగలన్నింటిని మార్చి, 600 వోల్టుల కోర్చు తొడుగు గల తీగలు వేసి, చక్కగ టంకము పెట్టి, రెండవ దినపు పని ముగించిరి.

గోడలోని తప్పు

మూడవ ఆదివారమున స్విచ్చి వేయుదమని అందరు నుత్సాహముతో రాగా, మెకానిక్కు పెట్టెను వదలి గోడకడకు పోయెను. “మనం పెట్టెకు ఎర్తు ఇచ్చాం. ఆ గోడకు ఎర్తు ఎవరిచ్చారు?” అని యడిగెను. లైసెన్సు గల యెలక్ట్రీషియనును పిలిపించి చూడగా, మూడు రంధ్రముల సాకెట్టు ఉన్న మాట నిజమే. ఎర్తు తీగ గూడ కలదు. కాని ఎలక్ట్రీషియను తగు జాగ్రత్తతో ఫేజునకును ఎర్తునకును మధ్య 60 వాట్ల దీపము ఒక్క క్షణము తగిలింపగా, అది మిణుకుమిణుకుమని వెలిగినది. ప్రాంగణములోని ఎర్తు గొయ్యి ఎండి, గొట్టము తుప్పు పట్టి యుండెను.

సభ్యులారా! ఈ సంగతి రేడియోకు సంబంధించినది మాత్రమే కాదు. అదే సాకెట్టు వరుసపై బల్ల పంకా నడచుచుండెను, వేసవిలో నీళ్ల మోటారు నడచుచుండెను, కంప్యూటరు నడచుచుండెను. వానిలో దేని తొడుగునకు ఫేజు సోకినను, నేలకు పోవలసిన కరెంటు పోదు, ఫ్యూజు తెగదు; ముట్టుకొన్న చేయి కొరకు కనిపెట్టుకొని యుండును. పిల్లలు కూర్చుండి చదువుకొను గది యది. పాడని రేడియోను పాడింపబోయి ఆ గది లోపమును కనుగొనుట జరిగినది. కార్యవర్గము ఆ వారములోనే క్రొత్త గొయ్యి త్రవ్వించి, ఇనుప గొట్టము దించి, బొగ్గు, ఉప్పు పొరలు వేయించి, నీరు పోయించెను. బోర్డునందు 30 మిల్లి ఆంపియరులకు తెగు రక్షక స్విచ్చి పెట్టించెను. ఆ స్విచ్చి సైతము సర్వరక్షకము కాదని మెకానిక్కు హెచ్చరించెను. ట్రాన్సుఫార్మరు ఆవలి వైపున హెచ్చు వోల్టు తీగను, ఛాసిస్‌ను ఒకేసారి ముట్టినవానిని అది కాపాడలేదు. ఆ కరెంటు దాని లెక్కలోనికే రాదు.

స్విచ్చి వేయు క్రమము

అటుపిమ్మటి ఆదివారమున తుది పరీక్ష. అన్ని తీగలు మరల పటముతో సరిచూచిరి. ఎర్తు పుల్లకును ఛాసిస్‌కును మధ్య ఒక ఓమునకు తక్కువ వచ్చినది. తక్కిన రెండు పుల్లలకును ఛాసిస్‌కును మధ్య 500 వోల్టుల మెగ్గరు పెట్టి ఇన్సులేషను నిలిచినదని చూచిరి.

ఇంటి వోల్టు కొలువగా 238. పెట్టె వెనుక బిళ్లపై 200, 220, 245 అను గుర్తులుండి, మొన 220 వద్ద నుండెను. అట్లే వదలినచో 6.3 రావలసిన చోట 6.8 వచ్చి వాల్వుల ఆయువు తగ్గును. మొనను 245కు త్రిప్పగా 6.1 వచ్చును; అది క్షేమము.

పిమ్మట పెట్టెకు వరుసలో 60 వాట్ల పాతరకపు ఫిలమెంటు దీపమును పెట్టిరి. ఎల్.ఇ.డి. దీపము ఇందులకు పనికిరాదు. లోపల ఎక్కడైన తీగలు కలిసినచో దీపము నిండుగ వెలిగి, దెబ్బ తాను భరించి, పెట్టెను కాపాడును. మొదట వాల్వులన్నియు తీసి స్విచ్చి వేసిరి. దీపము తళుక్కుమని మసకబారెను. ట్రాన్సుఫార్మరు ఆరోగ్యముగ నున్నదనుటకు అది చిహ్నము. గంటసేపు ఉంచి, ఆపి, ప్లగ్గు తీసి ముట్టి చూడగా గోరువెచ్చన. తరువాత రెక్టిఫయరు తప్ప తక్కిన వాల్వులు పెట్టిరి; ఫిలమెంటులు ఎర్రబారినవి. చివరకు రెక్టిఫయరు. మీటరు ముల్లు మెల్లగ లేచి నిలిచినది. దీపము నిండుగ వెలుగలేదు. చివరి వాల్వు గ్రిడ్డుపై పాజిటివు వోల్టు లేదని చూచి, అప్పుడు దీపమును తొలగించి నేరుగ కరెంటు నిచ్చిరి.

క్షీరసాగరమును మథించినపుడు ముందు హాలాహలము వచ్చి, అది ఒకచోట నిలుపబడిన తరువాతనే అమృతము వచ్చినది. ఆ సాయంకాలము చీకటి పడిన వెనుక, మీడియం వేవుపై, గరగర శబ్దము నడుమ నుండి ఒక కంఠము వినవచ్చెను. ఏ భాషయో తెలియుటకు ముందే యువకులు చప్పట్లు కొట్టిరి. వృద్ధురాలిని చేయి పట్టి తీసికొని రాగా, ఆమె గాజుపలక వెలుగును కొంతసేపు చూచి, “ఆ దీపం రంగు అదే,” అనెను.

చివరి మాట

పెట్టె వెనుక అట్ట లోపలి వైపున ఒక కాగితము అతికింపబడి యున్నది. ఏ తేదీన ఏ భాగము మార్చబడినది, ఏ మొన వద్ద ఎన్ని వోల్టులు వచ్చినవి, ఫ్యూజు ఎంతది అనునవి అందు వ్రాయబడినవి. వ్రాయని మరమ్మతు రసీదు లేని పద్దువంటిది. రేపు తెరచువాడు దేనిని నమ్మవలయునో ఎరుగడు. కార్యవర్గము మూడు నియమములు చేసినది: మనిషి దగ్గర లేనిదే పెట్టె నడుపరాదు, నడిపిన తరువాత ప్లగ్గు తీయవలయును, వెనుక అట్ట విప్పి నడుపరాదు.

ఇండ్లలో తాతల నాటి రేడియోలున్నవారు నేడే యింటికి పోయి ప్లగ్గు పెట్టి చూడవలదు. దుమ్ము తుడిచి, తీగను చూచి, తెలిసినవారిని పిలువుడు. ఇరువది నాలుగేండ్లు ఊరకున్న పెట్టె ఇంక మూడు వారములు ఊరకుండగలదు. ఏ పని యైనను, “మనిషికి మాత్రం ఏమీ కాకూడదు” అన్న ఆ తల్లి మాటను ముందుంచుకొని చేయుదురుగాక! ఈ గ్రంథాలయము ఇట్లే తన లోపములను తాను వెదకి దిద్దుకొనుచు, స్వర్ణోత్సవమును గూడ జరుపుకొనుగాక!